టీచర్ పెట్టిన గోరింటాకు

"చెంచా ఎందుకే? చెయ్యి లేదా?" అడిగింది నీలమ్మ.

నందిని తల ఎత్తకుండానే పచ్చడి కలిపిన అన్నాన్ని చెంచాతో నోట్లో పెట్టుకుంది. "అంబ్రీన్ టీచర్ వాళ్లింట్ల గిట్లనే తింటరమ్మా."

మళ్లీ అంబ్రీన్ టీచర్. నీలమ్మకు ఒళ్లు మండిపోయింది. దీపావళి దాటినప్పటి నుంచి ఆ ఇంట్లో లేచినా కూర్చున్నా అదే పేరు. బడి వదలగానే ట్యూషన్ అంటూ పిల్ల టీచర్ ఇంటికి పోతుంది. దీపాలు పెట్టాక గానీ రాదు. వచ్చాక తల్లితో రెండు మాటలైనా మాట్లాడకుండానే నిద్రలో పడుతుంది. పుట్టినప్పటి నుంచి ఒంటిచేత్తో సాకిన తల్లికంటే నిన్నగాక మొన్న వచ్చిన టీచర్ ఎక్కువైపోయింది.

ఆ వేలి కొసలకు గోరింటాకొకటి. పాతది వెలిసేలోపే కొత్తది. ఎవరు పెట్టారని అడగనక్కర్లేదు. మొన్నమొన్నటిదాకా ఆ వేళ్లకు గోరింటాకు పెట్టింది నీలమ్మే.

కూతురు నిద్రపోయాక నీలమ్మ ఆ జుట్టు వాసన చూసేది. టీచర్ ఇంటి అత్తరు ఏమైనా అంటిందేమోనని అనుమానం. అల్లం వాసన తప్ప మరేదీ తెలిసేది కాదు. రోజంతా అల్లంలో పనిచేసే మనిషికి లోకమంతా అదే వాసన మరి.

మొగుడంపల్లి రోడ్డులోని అల్లం కొట్టంలో నీలమ్మకు పని. తడి అల్లాన్ని వేళ్లతో తోమి మన్నూ పొట్టూ తీయాలి. కొత్తలో కారం ముద్ద ముడితే వేళ్లు మండి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇప్పుడా వేళ్లు మొద్దుబారిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలును ఏనాడూ ఒప్పుకోదు. "అల్లం పనోళ్లందరిదీ గిదే కథ. గీతలు అరిగిపోతయ్," అంటాడు డీలర్.

ఈ మధ్య నందిని రబ్బరు తొడుగుల జత ఒకటి తెచ్చింది. "టీచర్ ఇచ్చింది. అల్లం కడిగేటప్పుడు చేతులకు ఏసుకోమన్నది."

"నా చేతుల మీద జాలిపడ్డదా ఆమె? నాకేం అక్కర్లేదు," అని నీలమ్మ వాటిని అటక మీదికి విసిరేసింది. ఆ పూట నందిని అన్నం ముట్టలేదు. టీచర్ను ఒక మాట అంటేనే ఇంత పొడుచుకొచ్చిందా అని నీలమ్మ మరింత కుళ్లుకుంది.

ఇంతలో నందిని బడికీ వేలిముద్రల మిషన్ వచ్చింది. పొద్దున్నే పిల్లలు వేలు పెడితేనే హాజరు. ముందుగా తల్లో తండ్రో బడికి వెళ్లి, ముద్రలు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నామని సంతకం చేయాలి. ఈ సంగతి నందిని ఇంట్లో చెప్పనే లేదు. కొట్టంలో పక్కన కూర్చునే నారమ్మ చెప్పింది.

"మా మనవరాలిది అయిపోయింది. మీ పిల్లదొక్కటే మిగిలిందంట. నీకు చెప్పలేదా?"

నీలమ్మ ఇంటికి రాగానే కూతుర్ని నిలదీసింది.

"నువ్వు రాకమ్మా," నందిని గాబరాపడింది. "ఇష్టం లేదని కబురు పంపినా నడుస్తదంట."

"నేనొస్తే ఏమైతదే?"

నందిని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

నీలమ్మకు అర్థమైంది. ఆ టీచర్ ముందు, ఈ పగిలిన చేతుల తల్లిని చూపించుకోవడానికి పిల్లకు సిగ్గు.

మర్నాడు పని మానేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. అటక మీది తొడుగులు సంచిలో వేసుకుని బడికి బయలుదేరింది.

అంబ్రీన్ టీచర్ లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఆ మర్యాద కూడా నీలమ్మకు గిట్టలేదు.

"రాండమ్మా, కూసోండి. నందిని మంచిగ చదువుతది. ఈ నడుమ క్లాసుల జర నిద్రపోతుంది, గంతే." టీచర్ ఇంకు డబ్బా ముందుకు జరిపింది. "ముద్ర ఏస్తరా?"

"సంతకం చేస్త," అంది నీలమ్మ. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పేరు రాసింది. అది నేర్పింది నందినే, ఈ టీచర్ రాకముందు.

పెన్ను పెట్టేసి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి మీరే ఉంచుకోన్రి టీచరమ్మా. నా బిడ్డకు నేనున్న. రేపటి సంది దాన్ని మీ ఇంటికి పిలవకున్రి."

టీచర్ తొడుగుల వంకా నీలమ్మ వంకా మార్చి మార్చి చూసింది. "మా ఇంటికా? అమ్మా, నేను..."

"ఏలు పెడ్త టీచర్," అంది నందిని.

అంతవరకూ గోడకు అతుక్కుపోయి నిలబడ్డ పిల్ల ఒక్క అంగలో వచ్చి మిషన్ మీద వేలు పెట్టింది. టీచర్ మాట సగంలోనే ఆగింది. టీచర్ను కాదని తన పక్కకు వచ్చిందని నీలమ్మ లోలోపల మురిసిపోయింది. ఎన్ని రోజులకో ఆమె మనసు చల్లబడింది.

మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది. నందిని ఇంకో వేలు పెట్టింది. మళ్లీ ఎర్ర లైటే.

"మైదాకుతోని గిట్ల కాదే. తక్కిన ఆడపిల్లలయి మిషన్ తీసుకున్నది గద," అంటూ టీచర్ గోరింటాకుతో ఎర్రబడ్డ నందిని చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. నందిని లాక్కోబోయింది. నీలమ్మ కూడా కుర్చీలోంచి లేచి వంగి చూసింది.

నందిని వేళ్లకు గీతలు లేవు.