ఫుకి ఓడిపోయే ఆట

"మికన్," అంది ఫుకి.

మళ్ళీ ఓడిపోయింది. ఒకరన్న మాట ఏ అక్షరంతో ఆగితే, రెండోవాళ్ళు ఆ అక్షరంతో ఇంకో మాట అందుకోవాలి. "న్"తో ఆగే మాట అన్నవాళ్ళు ఓడినట్టు. జపాన్‌లో పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా అవలీలగా ఆడేస్తారు. తాత తెయిజో "నెజుమి" అని ఎలుకను వదిలాడు. "మి"తో మాటలకేం కరువు? ఫుకికి మాత్రం కమలాపండే గుర్తొస్తుంది. మికన్!

వంటింట్లోంచి తల్లి చిజురు గబగబా వచ్చి, పండు ఒలిచి పిల్ల చేతిలో పెట్టింది. అది టీచరు చెప్పిన మందు. పిల్ల నోట ఏ వస్తువు పేరు వస్తే ఆ వస్తువు వెంటనే చేతికందాలి, కాదనకూడదు, అప్పుడే మాట విలువ తెలుస్తుంది అందావిడ.

ఫుకికి నాలుగేళ్ళు నిండాయి. బడిలో తలూపడమే తప్ప నోరు విప్పదు. ఇంట్లో ఈ ఆట పుణ్యమా అని ఏవో కొన్ని మాటలు రాలుతాయి. రేపు టీచరు ఇంటికొస్తోంది. పిల్ల రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే, వసంతంలో తోటివాళ్ళు పై తరగతికి వెళ్ళినా తను మాత్రం చంటిపిల్లల గదిలోనే ఉండిపోవాలి. చిజురు సబ్బు బుడగలు ఊదించింది. కాగితపు బంతులు ఊదించింది. వేళ్ళకి బొమ్మలు తొడిగి కబుర్లు చెప్పించబోయింది. బొమ్మలే మాట్లాడాయి.

"మామయ్యా, మీరు ఆ 'మి' వదిలి వేరే అక్షరం ఇవ్వండి," అంది చిజురు.

"నేనేం చెయ్యనమ్మా, దాని నాలుక్కి 'న్' అంటుకుపోయింది," అన్నాడు తెయిజో, పండు వైపు చూడకుండా.

చూసినా లాభం లేదు. ఆయనకి షుగరు. డాక్టరు తీపి మానమన్న దగ్గర్నుంచీ కోడలు ఆయనకి చప్పటి బార్లీ టీ తప్ప మరొకటి అందనివ్వడం లేదు. రేపు టీచరు కోసం తెచ్చిన అన్‌పాన్ తీపి బన్నుల్ని సైతం ఫ్రిజ్ మీద దాచింది. కోడలంటే అలా ఉండాలని ఊరంతా మెచ్చుకుంది, ఆయన తప్ప.

మళ్ళీ ఆట మొదలైంది. తెయిజో ఈసారి "కొప్పు" అన్నాడు, గ్లాసు. ఫుకి కళ్ళు చికిలించి చాలాసేపు ఆలోచించింది.

"పురిన్."

జున్నులా వణికే ఆ తీపి గిన్నె తెచ్చి, చిజురు పిల్ల పక్కనే కూలబడింది. ఫుకి రోజూ ఓడిపోతోంది, ఓడిపోయానన్న బాధైనా లేదు. గిన్నె మాత్రం నాకినట్టు ఖాళీ అవుతుంది. ఆటే అర్థం కావడం లేదో, అసలేమీ అర్థం కావడం లేదో. ఆలోచిస్తే భయం వేసింది.

"బంగారూ, 'పురిన్ ఇవ్వు' అను. రెండే రెండు మాటలు. అమ్మ కోసం," అని బతిమాలింది.

ఫుకి తల్లి చెంప మీది తడిని అరచేత్తో తుడిచింది. కాసేపు ఆ మొహంలోకే చూసింది. తర్వాత ఎంతో ప్రేమగా "పురిన్" అంది.

చిజురు గిన్నె అందించి, ఆరేసిన బట్టలు తీసుకొస్తానని లేచింది. వాకిట్లోకి వెళ్ళాక బుట్ట మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. గదిలోంచి గలగలా మాటలు వినిపిస్తున్నాయి. మామగారు టీవీ పెట్టారనుకుని కాగితపు తలుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తాతయ్యా, సగం నీకు, సగం నాకు, అమ్మ వచ్చేలోగా తినెయ్. ఈసారి నువ్వు 'అ'తో ఆగే మాట చెప్పు, నేను అన్‌పాన్ అంటాను, బన్నులు ఫ్రిజ్ మీదున్నాయి. రేపు టీచరు ముందు మాత్రం నేను నోరు విప్పను, నాకు మాటలొచ్చని తెలిస్తే అమ్మ అడిగినవన్నీ ఇవ్వదు, నీకు తీపెలా తేను?"