రెక్కలున్నవాళ్ల దూరం

కుంటలో బాతుపిల్లలు తగ్గిపోయాయట. అందుకని వాటి బడిని పెద్ద చెరువు బడిలో కలిపేస్తున్నామని పక్షుల సభలో చిలుక పెద్ద చిలకయ్య చెప్పేశాడు.

"రెక్క విప్పితే చెరువే కదా!" అన్నాడు.

ముసలి బాతు ఈరవ్వ పక్కనున్న మనవరాలిని చూసింది. ఆ పిల్లకు ఇంకా రెక్కలే రాలేదు.

"బడి సంగతులు ఈ ముసలిదానికెందుకో!" అని ఎవరో నవ్వారు. అయినా ఈరవ్వ లేచి నిలబడింది.

"నువ్వు చెప్పినట్టే కానీ నాయనా. ఒక్కసారి మాతో చెరువు బడిదాకా రా. ఎగరకు, నడువు."

సభంతా చూస్తుంటే కాదనలేక చిలకయ్య నడిచాడు. దారి పొడవునా తుమ్మముళ్లు, కాలే ఇసుక. సగం దూరానికే కాళ్లు పీకేశాయి.

"అవ్వా, కాసేపు కూర్చుందాం."

ఈరవ్వ రెక్కతో అతనికి విసురుతూ మెల్లగా అంది:

"కూర్చుంటే బడిగంట కొట్టేస్తారు నాయనా!"