కూయని మాస్టారు

"కూయండి మాస్టారూ, తలుపు తీస్తాం!" బయట పిల్లలు ఒకటే గోల.

బడి వదిలిపోయే ఆఖరి తరగతి వాళ్ళు చివరి రోజున లెక్కల మాస్టారిని ల్యాబులో పెట్టి గొళ్ళెం వేస్తారు. ఆయన కోడిలా కూస్తేనే తీస్తారు. మా బళ్ళో ఏటా ఇదే వేడుక. నిరుడు ఆయన కూత విని ఊళ్ళో పుంజులు సిగ్గుతో వారంపాటు నోరెత్తలేదంటే నమ్మండి.

ఈసారి పొరపాటున, లోపల సీసాలు సర్దుతున్న అదే తరగతి పిల్ల, టైలరు కూతురు కూడా ఇరుక్కుపోయింది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అప్పుడే కూయకండి మాస్టారూ."

"ఏమ్మా, ఈ సీసాలతోపాటు నన్నూ అలమరాలో సర్దేస్తావా?"

ఆ పిల్ల నవ్వలేదు. "తలుపు తీస్తే నా చదువు అయిపోయినట్టే. కాలేజీ వద్దు, రేపట్నుంచి మిషను ముందు కూర్చో అన్నాడు నాన్న."



"నేనొక్కణ్ణే ఇరుక్కున్నాననుకున్నానే," అని మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్! కూత కావాలంటే టైలర్ని పట్టుకురండి. కూతుర్ని కాలేజీకి పంపుతానని ఆయన నోటితో అనాలి. అప్పుడే కూస్తా."

"ఒప్పుకోకపోతేనో మాస్టారూ?"

"గొళ్ళెం అలాగే ఉండనివ్వండి."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రామ్మా, ఈలోగా కాలేజీ లెక్కలు మొదలుపెడదాం."