నోట్లో స్క్రూలు

"స్క్రూలు నోట్ల పెట్టుకుంటే ఎట్ల మాట్లాడుతవ్ నాయినా? ఇగో, అరల డబ్బా కొన్న," అంది నవనీత.

ఫ్యాను బాగుచేస్తున్న సోమయ్య నోట్లోని స్క్రూలన్నీ బుద్ధిగా అందులో వేశాడు.

"ఇప్పుడన్న చెప్పు. కోదాడ దవాఖానల నర్సు నౌకరికి రేపు పోవాల్నా, వద్దా?"

"ఆడపిల్లకు గంత దూరమెందుకు? వద్దని చెప్పురా," అని గడపలో కూర్చున్న నాయనమ్మ గదమాయించింది.

సోమయ్య తల్లి వంక చూశాడు, కూతురి వంక చూశాడు. మెల్లగా నాలుగు స్క్రూలు తీసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత తన సంచిలోని పానలు, టెస్టర్లు నేలమీద కుమ్మరించి, ఖాళీ సంచిని కూతురి వైపు తోశాడు.

"ఏమన్నడే వాడు? వద్దన్నడా?"

"నోట్ల స్క్రూలున్నయి గద నాయనమ్మా, ఎట్ల చెప్తడు?" అంటూ నవనీత సంచికున్న గ్రీజు తుడిచి, తన బట్టలు సర్దుకోసాగింది.