కుదురు

కుండ పక్కకి ఒరిగింది. నీళ్ళు ముంచిన గ్లాసు భవ్య చేతిలోనే ఉంది. కుండలో మిగిలిన నీళ్ళన్నీ హెడ్మాస్టరు బల్ల మీదున్న హాజరు పట్టీల మీదికి పోయాయి.

చంద్రరావు మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఈ వారంలో ఇది ఎన్నోదే?"

"మూడోదండి," అంది భవ్య. ఆరో తరగతి పిల్ల. లెక్క దాచలేదు. మొదటిది కిటికీ అద్దం, రెండోది గ్లోబు.

క్లాసులో కూర్చోబెట్టలేక టీచరు పొద్దున్నే ఇక్కడికి పంపేసింది. ఇక్కడా కూర్చోలేదు.

గుమ్మం దగ్గర భవ్య తల్లి, పేరు చిన్నమ్మాయి, కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది. టీసీ ఇచ్చేస్తున్నామని కబురు పెడితే, రావులపాలెం అరటి మార్కెట్లో పని సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఈ ఒక్క ఏడూ ఉంచండి మాస్టారండీ. ఇక్కణ్ణించి తీసేస్తే దీని చదువు ఇక అయిపోయినట్టేనండి."

"ఎక్కడ ఉంచమంటావమ్మా? నా నెత్తి మీదా? దీనికి కుదురు లేదు."

"పాపకి కాదండి, కుండకి లేదు."

ఆ మాట మూలనున్న బెంచీ దగ్గర్నించి వచ్చింది. పాత టీసీ నకలు కావాలని పొద్దున్నించీ కూర్చున్న మనిషి. కూర్చున్నాడనడం తప్పు. ఈలోపు లేచి గోడ మీది మ్యాపు సరిచేశాడు. ఫ్యాను రెగ్యులేటరు తిప్పి చూశాడు. చెబుతున్న సంగతి సగంలో వదిలేసి ఇంకోటి ఎత్తుకున్నాడు. వయసు నలభైకి దగ్గర. పేరూ, చేసే పనీ ఏవో చెప్పాడు గానీ చంద్రరావు చెవిన పెట్టలేదు. చీటీ రాసి అక్కడ పెట్టండి, చూస్తాను అన్నాడంతే.

ఆ మనిషి కుండ కింది నుంచి చీకిపోయిన గడ్డిచుట్ట బయటికి లాగాడు.

"చూడండి, కుదురు పీలికలైపోయింది. గుండ్రటి కుండ తనంతట తను నిలబడదు కదండీ. కింద మనమే కుదురు పెట్టాలి. నిలబడలేదని కుండని తిడితే ఎలాగండి?"

"మీ పని మీరు చూసుకోండి."

"ఆయ్, అదే చూస్తున్నానండి."

బయటికి వెళ్ళి, కొబ్బరి చెట్టు కింద పడున్న పాత పీచు తాడు పట్టుకొచ్చాడు. నేల మీద చతికిలబడ్డాడు.

"పాపా, ఈ కొస పట్టుకో. నువ్వు వదిలావనుకో, నేను చుట్టిందంతా ఊడిపోద్ది."

భవ్య పట్టుకుంది.

చంద్రరావు తడిసిన పట్టీలు ఒక్కొక్కటే విప్పి ఆరబెట్టాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. అన్నం బెల్లు కొట్టారు. వరండాలో పిల్లల గోల. భవ్య తల తిప్పలేదు. కొస అతనికిచ్చి, చుట్టడం తను అందుకుంది. "ఇంకో నాలుగు చుట్లేనండి" అని లెక్క కూడా తనే చెబుతోంది.

"అన్నం ముందు కూడా ఇంతసేపు కూర్చోదండి ఇది," అంది చిన్నమ్మాయి ఆశ్చర్యంగా.

చంద్రరావుకి అక్కడే మండింది.

"విన్నావా? ఆటకైతే కూర్చుంటుంది. పాఠానికే కూర్చోదు. దాన్నే పొగరంటారు."

"నన్నూ అదే అనేవారండి," అన్నాడా మనిషి తలెత్తకుండా. "పొగరు కాదండి. కూర్చోవాలనే ఉంటుంది, బుర్ర నిలబడదు. చేతికి పనిస్తే నిలబడుద్ది. ముందు బెంచీలో వేయండి. మధ్య మధ్యలో ఏదో ఒకటి తెమ్మని పంపండి. తిరిగొచ్చాక వింటాది..."

"ఇదే బడిలో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసండీ నాది. మీరు నాకు పాఠం చెప్పక్కర్లేదు."

ఇరవై తొమ్మిదేళ్ళూ 'కూర్చో, కూర్చో' అని అరిచి అరిచి గొంతు జీరబోయింది. అరవకుండా కూర్చోబెట్టినవాణ్ణి చూస్తే తనకెందుకంత కోపం వస్తోందో ఆలోచించే ఓపిక అతనికి లేదు.

టీసీ పుస్తకం తెరిచాడు. కారణం అన్న గడిలో రెండు మాటలు రాశాడు. సంతకం పెట్టి, చింపి ఇచ్చాడు.

చిన్నమ్మాయి ఆ కాగితం రెండు చేతులతో అందుకుంది.

భవ్య అప్పుడే కొత్త కుదురు మీద కుండ పెట్టి, నీళ్ళు నింపి వచ్చింది.

"కుదిరిందాండి మాస్టారూ?"

చంద్రరావు టీసీ పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు.

ఆ మనిషి సంచీ భుజాన వేసుకున్నాడు. "ఇంకొక్కసారి ఆలోచించండి మాస్టారూ."

"చెప్పడానికి అసలు మీరెవరండీ?"

అతను పొద్దున్నించీ మొదటిసారి కదలకుండా నిలబడి, చంద్రరావు మొహంలోకి చూశాడు.

"అదీ నిజమేలెండి," అని తల్లీ కూతుళ్ళ వెనకాలే వెళ్ళిపోయాడు.

కాసేపటికి అటెండరు గంగయ్య వచ్చాడు.

"ఆ ఐటీఐ మాస్టారు నకలు తీసుకోకుండానే ఎళ్ళిపోయారేంటండి?"

"మాస్టారా?"

"పొద్దున్న మీకే చెప్పారు కదండీ. మోటారు వైండింగు నేర్పుతారంట. ఎవరూ చేర్చుకోని పిల్లల్ని ఏరి మరీ చేర్చుకుంటారంట."

"పిలు అతన్ని."

"రావులపాలెం బస్సు ఎక్కేశారండి, ముగ్గురూనూ."

చంద్రరావు కుండలో గ్లాసు ముంచాడు. కుండ కదల్లేదు.

బల్ల మీద అతను రాసిపెట్టిన చీటీ ఉంది: పల్లంరాజు, ఆరో తరగతి, 1974.

బీరువాలోంచి ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి రిజిస్టరు తీసి, ఆ పేరు పట్టుకుని, కారణం అన్న గడి దాకా వేలు జరిపాడు. ఇందాక భవ్య టీసీలో రాసిన 'కుదురు లేదు' అన్న ఆ రెండు మాటలే అక్కడా ఉన్నాయి, ఇంకా కుర్రతనం పోని తన దస్తూరీలో.