జాన్ బీ పగలగొట్టిన తాళం

తన గది తాళం జాన్ బీ పగలగొట్టిందని పర్వతాలు మెట్టుగూడ గల్లీ అంతా వినబడేలా తిట్టాడు.

ఎదురు గదిలోకి కొత్తగా దిగిన ముసలామె. వెనకా ముందూ ఎవరూ లేరు. వచ్చిన నాటి నుంచీ అతని కిటికీలోకి తొంగిచూడటమే పని.

గదిలో నాలుగేళ్ల నీహారిక లేదు. పెళ్లాం చనిపోయాక అతనికి మిగిలింది ఆ పిల్లే. డ్యూటీకి పోతూ లోపల పెట్టి తాళం వేస్తాడు.

పోలీసులకు ఫోన్ కొట్టాడు.

“ముసల్ది నా బిడ్డను ఎత్తుకపోయింది సార్!”

పక్కింటి సామ్యూల్ ఉరికొచ్చాడు.

“ఏందన్నా గీ లొల్లి? పిల్లను దవాఖానకు తీస్కపోయింది.”

“దవాఖానకా? పొద్దుగాల మంచిగనే ఉండె!”

“ఆమె రోజూ కిటికీ కాడ కూసోని నీ బిడ్డతోనే ముచ్చట పెడ్తది. ఇయ్యాల పిల్ల పలకలే. చూస్తే నోట్ల నురగ, ఒళ్లంత చెమట. తాళం పగలగొట్టి, బట్టలిప్పి, సబ్బుతోని కడిగి, ఆటో ఎక్కింది.”

ఆసుపత్రిలో సిస్టర్ ఎదురొచ్చింది.

“తండ్రివా? పాప బతికింది. ఊపిరి ఇప్పుడిప్పుడే సర్దుకుంటున్నది.”



“ఏమైందమ్మా?”

“పురుగుల మందు. కంటిపాపలు ఆవగింజంత అయినయ్. ఆమె సీసా సుత తెచ్చింది కాబట్టి డాక్టర్‌కు వెంటనే తెలిసింది. పేన్లు పోవాలని ఎవరో తలకు పట్టించి గుడ్డ చుట్టిన్రు. తోలు నుంచి ఒంట్లకు దిగింది. మనుషులు చేసే పనేనా అది?”

పర్వతాలు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పేన్లున్నాయని అంగన్‌వాడీ నుంచి పిల్లను పంపించేశారు. నల్లుల కోసం తెచ్చిన మందునే ఆ పొద్దున తలకు మర్దనా చేసి, తువాలు బిగించింది అతనే. చేతులకు ఇంకా ఆ వాసన ఉంది.

“ఆ... ముసలామె ఏది?”

బెంచీ మీది కానిస్టేబుల్ లేచాడు.

“ఫోన్ చేసింది నువ్వేనా? పరేషాన్ గాకు. ఆమెను స్టేషన్‌కు పంపినం.”

“ఎందుకు సార్?”

“మందు కేసు గదా, అడగాలె. పెట్టినోళ్లు జైలుకు పోతరని చెప్పినం. పిల్లకు ఇంకెవరున్నరంటే, తండ్రి తప్ప ఎవ్వరు లేరన్నది. జెరసేపు పిల్ల దిక్కే చూసుకుంట కూసున్నది. తర్వాత, తలకు పెట్టింది నేనే బేటా, అన్నది.”