రాయని వరస

"మీరు చదవండి వదినగారూ, నేను వేలు పెట్టి చూసుకుంటాను," అన్నాడు ఎలీషా, భూతద్దం సర్దుకుంటూ.

బల్ల మీద ప్రాచీన హీబ్రూ తోలుముక్క ఫొటో ఉంది. దాని మీద ఒక కీర్తన. నడుమ ఒక్క వరస మటుకు ఖాళీ. తోలు చిరగలేదు, సిరా చెరగలేదు. ఆ ఖాళీ పక్కన, పెద్ద చదువుల ధీమాతో, 'రాసినవాడి మరుపు' అని పెన్సిలుతో రాసిపెట్టాడు ఎలీషా.

రాహేలు తెలుగు బైబిలు తెరిచి అదే కీర్తన చదువుతోంది. దేవుడు లోతు నీళ్ళలోంచి పైకి తీస్తాడనే చోట ఆగింది. అది విడిచి, కింది వరస అందుకుంది.

"ఒక వరస వదిలేసేరండీ."

"ఆయ్, తెలుసండి."

"ఇక్కడ లేనిది ఆ వరసేనండీ. నాక్కావలసిందీ అదే."

"మీ అన్నయ్యగారు రొయ్యల చెరువు కాపలాకెళ్ళి, తుఫానులో కొట్టుకుపోయేరు కదండీ. మనిషి దొరకనే లేదు. అప్పట్నుంచీ ఆ మాట నా నోట రాదండి. అబద్ధమని కాదు మరిదిగారూ. మిగతాదంతా చదువుతాను, అదొక్కటీ అడక్కండి."

ఎలీషా ఫొటోను దగ్గరకు లాక్కున్నాడు. 'మరుపు' అన్న మాటను రబ్బరుతో చెరిపేశాడు. అక్కడ మరేమీ రాయలేదు.

"ఆ కింద నుంచే చదవండి వదినగారూ," అన్నాడు.